రెండ్రోజులైనా ఆరట్లేదక్కా! (చలికాలం బట్టల మీద మీ ప్రశ్నలు, నా జవాబులు)

చలి మొదలైందో లేదో నాకొచ్చే ఉత్తరాలు, మెసేజ్‌లు అన్నీ ఒకటే పాట, బట్టలు ఆరట్లేదు, వాసనొస్తున్నాయి, ఇల్లంతా చెమ్మ. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి ఇవే తీసుకున్నా. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట ఒకటే వేశాను, నాది రాలేదేంటని అలగకండి, జవాబు ఎక్కడో ఒకచోట తగులుతుంది చూడండి.

ప్రశ్న: అక్కా, మాది అద్దె ఇల్లు, బయట ఆరేసుకునే చోటు లేదు. బెడ్‌రూమ్‌లోనే స్టాండ్ పెట్టి ఆరేస్తున్నా. చలి కదా అని కిటికీలు, తలుపులు అన్నీ బిగించేస్తాం. రెండ్రోజులైనా జీన్స్ నడుము దగ్గర, హుడీ టోపీ దగ్గర తడితడిగానే ఉంటోంది. పొద్దున లేచేసరికి కిటికీ అద్దాల మీంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, బీరువా వెనక గోడకి నల్లచుక్కలు కూడా మొదలయ్యాయి. మా ఆయనేమో గోడలో లీకేజీ ఉంది, ఓనర్‌ని పిలుద్దాం అంటున్నాడు. నిజంగా లీకేజీయేనా?

జవాబు: ఓనర్‌ని పిలిచే ముందు ఒక్కసారి ఇది చదవండి తల్లీ, చాలావరకు ఆ కిటికీ మీది నీళ్లు మీ జీన్స్‌వే.

ఒక లెక్క చెప్తా, కొంచెం ఓపిక పట్టండి, ఈ లెక్క అర్థమైతే మిగతా జవాబులన్నీ సగం అర్థమైనట్టే. 5 కిలోల బట్టలు మెషిన్లో వేసి స్పిన్ అయ్యాక కూడా వాటిలో రెండున్నర లీటర్ల దాకా నీళ్లు ఉండిపోతాయి, స్పిన్ స్లోగా ఉంటే ఇంకా ఎక్కువ, చేత్తో పిండితే చెప్పక్కర్లేదు. ఆ నీళ్లు ఎక్కడికీ మాయమవ్వవు, బట్టలోంచి గాలిలోకి పోతాయి, అంతే. మరి గాలి ఎంత పట్టుకుంటుంది? 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 17 గ్రాముల నీటి ఆవిరి పట్టుకోగలదు. 30 డిగ్రీల దగ్గరైతే 30 గ్రాములు, 10 డిగ్రీలకి పడిపోతే 9 గ్రాములు చిల్లర. ఎండాకాలం అదే గదిలో అవే బట్టలు పూటలో ఆరిపోయి ఇప్పుడు ఆరకపోవడానికి సగం కారణం ఇదే.

ఇప్పుడు మీ బెడ్‌రూమ్ 10 అడుగులు, 12 అడుగులు, ఎత్తు 10 అడుగులు అనుకుందాం, అంటే సుమారు 34 ఘనపు మీటర్ల గాలి. 20 డిగ్రీల దగ్గర అది మొత్తం కలిపి 580 గ్రాముల దాకా పట్టుకుంటుంది. కానీ పట్టుకోగలిగినదాంట్లో అప్పటికే 60 శాతం తేమ ఉందనుకోండి, ఇక మిగిలిన ఖాళీ పావు లీటరు లోపే. రెండున్నర లీటర్లు పోవాలి, పావు లీటరుకే చోటుంది. మిగతాది ఎక్కడికి పోతుంది? సగం బట్టల్లోనే ఉండిపోతుంది, సగం ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. కిటికీ అద్దం, బయటి గోడ, బీరువా వెనక గాలి ఆడని మూల. 20 డిగ్రీల గదిలో తేమ 70 శాతం ఉంటే, 14 డిగ్రీలు ఉన్న ఏ గోడ మీదైనా నీళ్లు పడతాయి. చల్లని నీళ్లు పోసిన గ్లాసు బయట చెమర్చినట్టే. ఆ నల్లచుక్కలు బూజు, గోడ రోజూ తడుస్తుంటే బూజు రాక ఏం వస్తుంది.

లీకేజీ అవునో కాదో తెలుసుకోవడం ఈజీనే. లీకేజీ అయితే ఒకేచోట మరకలా పెరుగుతూ పోతుంది, వానకో పైన బాత్రూమ్ వాడకానికో సంబంధం ఉంటుంది, కిటికీ అద్దానికి దానికి లింకు ఉండదు. మీది బట్టలు ఆరేసిన రోజు ఎక్కువై, ఆరేయని వారం తగ్గుతోందంటే అది చెమ్మే. ఒక్క వారం బట్టలు ఇంకో గదిలో ఆరేసి చూడండి, మీ ఆయనకి ప్రూఫ్ దొరుకుతుంది.

ఇక ఏం చెయ్యాలి. మొదటిది, మెషిన్లోంచి తీసే ముందు ఇంకో స్పిన్ వేయండి, పెద్ద స్పీడులో. ఇది నేను ఎంతమందికి చెప్పినా కరెంటు దండగ అంటారు, కాదు! నీటిని తిప్పి విదిలించడానికి అయ్యే ఖర్చు, అదే నీటిని ఆవిరి చెయ్యడానికి అయ్యే ఖర్చు ముందు ఏ మూలకీ రాదు. ఒక లీటరు నీళ్లు ఆవిరవ్వాలంటే సుమారు 0.7 యూనిట్ల వేడి కావాలి, అది మీ హీటర్ ఇచ్చినా, గది గాలి ఇచ్చినా ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే. అందుకే బట్టలారేసిన గది మిగతా ఇంటికంటే చల్లగా అనిపిస్తుంది, గమనించారా? స్పిన్‌లో పోయిన ప్రతి గ్లాసు నీళ్లూ మీ గదిలోకి రాని గ్లాసే.

రెండోది, పడుకునే గదిలోంచి స్టాండ్ తీసేయండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న బాత్రూమ్ ఉంటే అంతకంటే మంచి చోటు ఇంట్లో లేదు, చిన్న గది, టైల్స్ గోడలు, తేమని బయటకి లాగేసే ఫ్యాను రెడీగా ఉంది. ఫ్యాన్ వేసి, తలుపు దగ్గరకి మూసి, కింద సందు మాత్రం ఉంచండి, లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ ఏం లాగుతుంది పాపం. ఎగ్జాస్ట్ లేకపోతే ఏదో ఒక గదిని బట్టల గది చేసి, దాని కిటికీ తెరిచి, ఆ గది తలుపు మూసి ఉంచండి, తేమ మిగతా ఇంట్లోకి పాకదు.

మూడోది, బీరువాని గోడ నుంచి ఒక జానెడు ముందుకి జరపండి. ఇది నా సొంత అనుభవం. నేను మొదటిసారి ఒంటరిగా ఉన్న గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి తాడు కట్టి చలికాలమంతా దాని మీదే ఆరేశాను, భలే ఐడియా అనుకున్నా, చలి తగ్గాక బీరువాలో వెనక పెట్టిన తోలు బ్యాగు తీస్తే దాని మీద ఆకుపచ్చ నూగు, అచ్చం పచ్చిక మొలిచినట్టు. ఆ బ్యాగు కొని ఆర్నెల్లు కూడా కాలేదు.

ప్రశ్న: బయట పొగమంచు, గాలంతా తడి. అలాంటప్పుడు కిటికీ తెరిస్తే ఆ తడి లోపలికే వస్తుంది కదా మేడమ్? మా అమ్మ తెరవనివ్వదు.

జవాబు: చూడ్డానికి అమ్మ మాటే రైట్ అనిపిస్తుంది కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. బయట 10 డిగ్రీలు, పూర్తిగా మంచు, తేమ 100 శాతం అనుకోండి. అయినా ఆ గాలిలో ఉన్న నీళ్లు ఘనపు మీటరుకి 9 గ్రాములు దాటి కొంచెమే. అది మీ 20 డిగ్రీల గదిలోకి వచ్చి వేడెక్కాక అదే గాలి 54 శాతం తేమ ఉన్న గాలి అవుతుంది, అంటే పొడిగాలే! మీ గదిలో బట్టలుండి 80 శాతం ఉంటే అక్కడ 14 గ్రాములకి దగ్గరగా ఉంటుంది. పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ.

కాకపోతే ఇదంతా ఇల్లు బయటకంటే వెచ్చగా ఉంటేనే. హీటర్లేవీ లేకుండా లోపలా బయటా ఒకే చలి ఉండే ఇల్లయితే మంచు పట్టిన పొద్దున కిటికీ తెరిచి లాభం లేదు, అక్కడ అమ్మే కరెక్టు. అలాంటి ఇంట్లో మంచు విడిపోయి ఎండ మొహం కనిపించాక, మధ్యాహ్నం పూట తెరవండి, సాయంత్రం చల్లబడకముందే మూసేయండి. ఉతకడం కూడా రాత్రి కాకుండా పొద్దున్నే పెట్టుకుంటే బట్టలకి ఆ మధ్యాహ్నం గాలి దొరుకుతుంది, రాత్రి ఉతికి ఆరేస్తే ఆ రాత్రంతా అవి ఊరికే నానుతున్నట్టే లెక్క.

రోజంతా కొంచెం సందు ఉంచేకంటే ఎదురెదురు కిటికీలు రెండూ బార్లా తెరిచి పది నిమిషాలు వదిలేస్తే మంచిది, గాలి మొత్తం మారిపోతుంది, గోడలు మాత్రం అంతలో చల్లారిపోవు. అలా రోజుకి మూడు నాలుగు సార్లు.

ప్రశ్న: నా సమస్య వాసన. ఆరినప్పుడు బాగానే ఉంటుంది, సెంటు వాసన కూడా వస్తుంది, వేసుకుని ఆఫీసుకి వెళ్లి కొంచెం చెమట పట్టగానే ముక్కిన వాసన మొదలవుతుంది. పక్కన కూర్చున్నవాళ్లు ఏమనుకుంటున్నారో అని ప్రాణం పోతోంది. సబ్బుపొడి డబుల్ వేశాను, ఫ్యాబ్రిక్ కండిషనర్ డబుల్ వేశాను, తగ్గట్లేదు.

జవాబు: డబుల్ వెయ్యడమే మీరు చేసిన తప్పు తమ్ముడూ, ఎందుకో చెప్తా.

ఆ వాసన మీది కాదు, చెమటది కూడా కాదు. బట్టలో మిగిలిపోయిన ఒంటి జిడ్డుని తిని బతికే బ్యాక్టీరియాది. 2012లో జపాన్ పరిశోధకులు ఈ ముక్కిన వాసన వెనక ముఖ్యంగా మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా ఉందని తేల్చారు, అది ఒక రకం యాసిడ్‌ని తయారుచేస్తుంది, మన ముక్కుకి తగిలేది అదే. ఇది మహా మొండిది, ఎండబెట్టినా పూర్తిగా చావదు, ఎండని కూడా బాగానే తట్టుకుంటుంది. బట్ట ఆరినప్పుడు నోరు మూసుకుని కూర్చుంటుంది, తడి తగలగానే మళ్లీ మొదలుపెడుతుంది. మీకు చెమట పట్టగానే వాసన రావడానికి కారణం అదీ.

సబ్బుపొడి ఎక్కువైతే నీళ్లలో పూర్తిగా పోదు, దారాల మధ్య పొరలా ఉండిపోయి జిడ్డుని పట్టుకుంటుంది. కండిషనర్ దాని మీద ఇంకో పూత. అంటే మీరు ఆ బ్యాక్టీరియాకి పరుపు వేసి దుప్పటి కప్పారు. రెండూ తగ్గించండి, కండిషనర్ ఓ నెల పూర్తిగా మానేయండి.

ఇప్పటికే వాసన పట్టిన వాటికి ఒకసారి గట్టి ట్రీట్‌మెంట్ కావాలి. లేబుల్ ఒప్పుకుంటే 60 డిగ్రీల వేడినీళ్ల వాష్ వేయండి, కాటన్ బనీన్లు, టవళ్లు, దుప్పట్లకి ఇది సరిపోతుంది. అంత వేడి తట్టుకోని రంగు బట్టలకి ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పెర్‌కార్బొనేట్ పొడి, 40 డిగ్రీల పైన గోరువెచ్చని నీళ్లలో కలిపి అరగంట, గంట నానబెట్టి తర్వాత మామూలుగా ఉతకండి. చల్లనీళ్లలో అది సరిగ్గా పనిచెయ్యదు. ఉన్ని, పట్టు బట్టలకి మాత్రం వాడకండి, పాడైపోతాయి. ఇంకో మాట, మామూలు క్లోరిన్ బ్లీచ్‌లో వెనిగర్ గానీ, నిమ్మఉప్పు గానీ, ఇంకే క్లీనర్ గానీ కలపొద్దు, క్లోరిన్ లాంటి విషవాయువులు వస్తాయి, బాత్రూమ్‌లో తలుపేసుకుని కలిపితే ప్రాణం మీదకొస్తుంది. ఫోన్‌లో వీడియోలు చూసి అన్నీ ఒకే బకెట్‌లో పోసేవాళ్లు నాకు తెలుసు. వెనిగర్, బేకింగ్ సోడా కలిపి పోసేవాళ్లు కూడా, అది ప్రమాదం కాదుగానీ ఒకదాన్నొకటి చంపేసుకుని ఉత్త ఉప్పునీళ్లు అవుతాయి, బుడగలు చూసి మురిసిపోవడమే తప్ప ఉపయోగం లేదు.

ఆ తర్వాత మెషిన్. వాష్ అయిపోయాక బట్టలు అందులోనే మర్చిపోయి పొద్దున తీస్తుంటారా? అవునంటారనే అనుకుంటున్నా. ముందు అది మానండి. తలుపు దగ్గర రబ్బరు మడతలో వేలు పెట్టి చూడండి, జిగురుగా నల్లగా వస్తుంది, తుడవండి. సబ్బుపొడి ట్రే బయటకి లాగి కడగండి. నెలకోసారి ఖాళీ మెషిన్ని పెద్ద వేడిలో తిప్పండి. వాడనప్పుడు తలుపు తెరిచి ఉంచండి.

ప్రశ్న: రూమ్ హీటర్ మీద తడిబట్టలు వేస్తే గంటలో ఆరిపోతున్నాయి. మా వారు వద్దంటారు. ఏమవుతుందండీ?

జవాబు: మీవారు చెప్పింది వినండి. కాలుతుంది, అదే అవుతుంది. బట్ట కప్పితే హీటర్‌కి గాలి ఆడదు, వేడి లోపలే పేరుకుంటుంది, ఆరిపోయిన కాటన్ కంటే తొందరగా అంటుకునేది ఇంట్లో ఇంకేముంటుంది. హీటర్‌కి బట్టలకి మధ్య కనీసం ఒక మీటరు, అంటే మూడడుగులు దూరం ఉండాలి, స్టాండ్ ఒరిగినా దాని మీద పడకూడదు. ఆ గదిలో ఎవరూ లేనప్పుడు, అందరూ పడుకున్నప్పుడు హీటర్ ఆన్‌లో ఉండకూడదు. కాయిల్ ఎర్రగా కనిపించే హీటర్ అయితే బట్టలున్న గదిలోనే వద్దంటాను నేను. వేడినీళ్ల పైపులతో గదిని వెచ్చబరిచే రేడియేటర్లున్న ఇళ్లలో దాని మీద బట్ట వేస్తే నిప్పు భయం తక్కువే గానీ గది వేడెక్కదు, వేడంతా బట్ట కిందే ఆగిపోతుంది, తేమ మాత్రం గదంతా.

ఇంకొకావిడ రాశారు, గ్యాస్ స్టవ్ వెలిగించి దాని పైన తాడు కట్టి ఆరేస్తున్నారట! అమ్మా, ఇవాళే ఆ తాడు విప్పేయండి. నిప్పు సంగతి అలా ఉంచండి, గ్యాస్ కాలితే నీటి ఆవిరి పుడుతుంది, ఒక కిలో ఎల్‌పీజీ కాలితే కిలోన్నర పైనే నీళ్లు గాలిలోకి వస్తాయి. బట్టలు ఆరబెట్టడానికి మీరు గదిలోకి ఇంకా నీళ్లు పోస్తున్నారన్నమాట. దానికి తోడు కిటికీలు మూసి ఉంటే కార్బన్ మోనాక్సైడ్, దానికి రంగూ లేదు వాసనా లేదు, నిద్రలోనే మనుషుల్ని తీసుకుపోతుంది.

ప్రశ్న: డ్రైయర్ కొనాలా, డీహ్యుమిడిఫైయర్ కొనాలా, ఫ్యాన్ చాలా? షాపువాడు డ్రైయర్ అంటాడు, ఫ్రెండు డీహ్యుమిడిఫైయర్ అంటుంది. బుర్ర తిరుగుతోంది.

జవాబు: ముందు ఇంట్లో ఉన్న ఫ్యానుతో మొదలుపెట్టండి, టేబుల్ ఫ్యానైనా సరే. తడిబట్ట చుట్టూ ఎప్పుడూ ఒక తడిగాలి పొర అంటుకుని ఉంటుంది, అది కదలకపోతే బట్ట ఆరదు, ఫ్యాన్ ఆ పొరని చెదరగొడుతుంది. స్టాండ్ కింది నుంచి పైకి, కొంచెం ఏటవాలుగా తిప్పి పెట్టండి. 50 వాట్ల ఫ్యాన్ 10 గంటలు తిరిగినా అర యూనిటే. కానీ ఫ్యాన్ తేమని బయటకి పంపదు, గదిలో తిప్పుతుందంతే, కాబట్టి కిటికీయో ఎగ్జాస్టో తోడుండాల్సిందే.

కిటికీ తెరవలేని ఇల్లు, రోజూ ఉతుకుడు, చిన్నపిల్లలు, అలాంటి చోట డీహ్యుమిడిఫైయర్ బంగారం లాంటిది. ఇది గాలిని లాగి అందులో తేమని నీళ్లుగా మార్చి ట్యాంకులో పోస్తుంది, సాయంత్రానికి ట్యాంకు పారబోస్తుంటే అబ్బా ఇదంతా మా గోడల్లోకి పోయేదా అనిపిస్తుంది. ఇది పెట్టినప్పుడు మాత్రం కిటికీ, తలుపు మూసేయాలి, లేకపోతే ఊరందరి గాలినీ ఆరబెడుతూ కూర్చుంటుంది. పైన కిటికీ తెరవమని ఇక్కడ మూయమంటోంది ఏంటీవిడ అనుకోకండి, తేమకి దారి ఒకటే ఉండాలి, కిటికీ అయినా, ట్యాంకైనా. ఇంకో విషయం, ఇది నడుస్తుంటే గది కొంచెం వేడెక్కుతుంది, మెషిన్ పాడైందని కంగారు పడొద్దు, ఆవిరి మళ్లీ నీళ్లయ్యేటప్పుడు అది తీసుకున్న వేడిని తిరిగిచ్చేస్తుంది, చలికాలంలో అదీ లాభమే.

కొనేటప్పుడు చూడాల్సింది రకం. కంప్రెసర్ రకం, అంటే ఫ్రిజ్‌లా చల్లటి పైపుల మీద తేమని పట్టేది, వెచ్చటి గదుల్లో బాగా పనిచేస్తుంది, గది 15 డిగ్రీల కిందికి పడిపోతే దాని లోపలి పైపులకి మంచు పట్టి నెమ్మదిస్తుంది. డెసికెంట్ రకం, అంటే తేమని పీల్చే పదార్థంతో నడిచేది, చలిలోనూ పనిచేస్తుంది గానీ కరెంటు ఎక్కువ తింటుంది. మీ గదిలో రాత్రి ఎంత చలి ఉంటుందో చూసుకుని తీసుకోండి.

డ్రైయర్‌లో కూడా పాత రకం వేడిగాలి డ్రైయర్ ఒక లోడుకి లాగే కరెంటులో సగమో ఇంకా తక్కువో లాగుతుంది హీట్ పంప్ రకం, అంటే ఉన్న వేడినే మళ్లీ మళ్లీ వాడుకునేది, కాకపోతే టైమ్ ఎక్కువ తీసుకుంటుంది, కొనేటప్పుడు ఖరీదూ ఎక్కువే. పైపు ద్వారా బయటకి ఆవిరి వదిలే రకం కొంటే ఆ పైపు నిజంగా బయటకి పోయేలా పెట్టించండి, గదిలోనే వదిలేస్తే డబ్బులు పోసి చెమ్మ కొనుక్కున్నట్టే. దూది పేరుకునే జల్లెడ ప్రతిసారీ తీసి శుభ్రం చేయాలి, అది నిండితే నిప్పు ప్రమాదం కూడా.

నన్నడిగితే అన్నిటికంటే ముందు ఒక చిన్న హైగ్రోమీటర్ కొనండి, గదిలో తేమ శాతం చూపించే గడియారం లాంటిది, బొటనవేలంత ఉంటుంది. 60 లోపు ఉందా, బాగుంది. రోజంతా 70 దాటి ఉంటోందా, అప్పుడు పెద్ద మెషిన్ గురించి ఆలోచించండి.

ప్రశ్న: రేపు పొద్దున్నే పిల్లాడి యూనిఫామ్ కావాలి, ఇప్పుడు రాత్రి 9 అయ్యింది, ఇప్పుడే ఉతికాను. ఏదైనా చిట్కా?

జవాబు: మీరు రాసింది నేను చదివేసరికి ఆ రేపు ఎప్పుడో అయిపోయి ఉంటుంది, అయినా వచ్చేసారికి పనికొస్తుంది. మందపాటి పొడి టవల్ నేల మీద పరిచి, దాని మీద చొక్కా పరిచి, రెండూ కలిపి చాపలా చుట్టండి. ఆ చుట్ట మీద మోకాళ్లతో నొక్కుతూ అటూ ఇటూ రెండుసార్లు నడవండి. టవల్ తడిసి బరువెక్కుతుంది, చొక్కాలో నీళ్లు సగం దానిలోకి పోతాయి. ఇంకో పొడి టవల్ ఉంటే మళ్లీ ఒకసారి. ఆ తర్వాత లావాటి హ్యాంగర్‌కి తగిలించి గుండీలన్నీ విప్పి ఫ్యాన్ ఎదురుగా వేలాడదీయండి. ప్యాంటు అయితే తిరగేసి, జేబులు బయటకి లాగి, నడుము గుండ్రంగా తెరుచుకునేలా నాలుగు క్లిప్పులు పెట్టి గొట్టంలా వేలాడదీయండి, లోపల్నుంచి గాలి పోతుంది. పొద్దున కాలర్, మణికట్టు, జేబు కుట్లు మిగిలితే ఇస్త్రీ పెట్టె. పాలిస్టర్ కలిసిన బట్టకి ఇస్త్రీ వేడి తగ్గించండి. మైక్రోవేవ్‌లో సాక్సులు పెట్టేవాళ్లు ఉన్నారట, దయచేసి వద్దు, అది మంటలకి మంచి ముహూర్తం.

మామూలు రోజుల్లో కూడా స్టాండ్ మీద ఎలా వేస్తున్నామన్నది ముఖ్యం. బట్టకి బట్టకి మధ్య అరచెయ్యి పట్టేంత సందు ఉండాలి. పొడుగు బట్టలు రెండు చివర్లా, పొట్టివి మధ్యలో వేస్తే కింద గుమ్మం తోరణంలా ఖాళీ వస్తుంది, గాలి అందులోంచి ఆడుతుంది. హుడీని తలకిందులుగా వేలాడదీస్తే టోపీ వీపుకి అంటుకోకుండా ఉంటుంది. ఒక స్టాండ్ మీద రెండు లోడ్లు కుక్కేకంటే రెండు రోజులు ఉతుక్కోవడం మేలు.

ప్రశ్న: ఇంట్లో ఆరిన టవళ్లు అప్పడంలా గట్టిపడుతున్నాయి, ఎందుకని?

జవాబు: నీళ్లలో ఉప్పుల వల్ల అని అందరూ అంటారు, నేనూ అదే అనేదాన్ని. 2020లో జపాన్‌లో చేసిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది, కాటన్ ఆరిపోయిందనుకున్నాక కూడా దారాల మీద అతి సన్నటి నీటి పొర మిగిలి ఉంటుందట, అదే జిగురులా పనిచేసి దారాల్ని ఒకదానికొకటి అంటిస్తుందట. బయట గాలికి ఊగే టవల్లో ఆ అంట్లు ఊడిపోతుంటాయి, గదిలో కదలకుండా ఉన్నదానిలో అలాగే బిగుసుకుంటాయి. అందుకని ఆరేసే ముందు బాగా ఝాడించండి, సగం ఆరాక ఇంకోసారి ఝాడించండి, మడత పెట్టే ముందు చేతుల్తో నలపండి. కండిషనర్‌తో మెత్తబడుతుంది గానీ నీళ్లు పీల్చడం తగ్గిపోతుంది, తుడుచుకోలేని టవల్ ఎందుకు చెప్పండి.

ప్రశ్న: మా ఊళ్లో రాత్రి సున్నా కిందికి పోతుంది. బయట ఆరేస్తే చొక్కా చెక్కలా గడ్డకట్టింది, అయినా సాయంత్రానికి చాలావరకు ఆరింది! ఇది నిజమా, నా భ్రమా?

జవాబు: నిజమే. మంచుగడ్డ కరిగి నీళ్లు అవ్వకుండానే నేరుగా ఆవిరవుతుంది, పొడి గాలి, కొంచెం ఎండ ఉంటే చాలు. నెమ్మదిగా అవుతుంది, అంతే. గడ్డకట్టిన బట్టని మాత్రం బలంగా వంచకుండా లోపలికి తెచ్చి మెత్తబడ్డాక మడత పెట్టండి.

ప్రశ్న: మా నాన్నగారికి ఆస్తమా. చలికాలం ఆయన గదిలోనే బట్టలు ఆరేస్తున్నాం, ఆ గదే కొంచెం వెచ్చగా ఉంటుందని. దగ్గు ఎక్కువైంది. సంబంధం ఉందంటారా?

జవాబు: దగ్గు ఎందుకన్నది డాక్టర్ చూసి చెప్పాలి, ముందు చూపించండి. కానీ బట్టలు ఇవాళే ఆ గదిలోంచి తీసేయండి, అది ఎవర్నీ అడగక్కర్లేదు. చెమ్మ గదిలో రెండు పెరుగుతాయి, ఒకటి బూజు, దాని రేణువులు ఊపిరిలోకి పోతాయి. రెండోది పరుపుల్లో, దుప్పట్లలో ఉండే కంటికి కనిపించని డస్ట్ మైట్లు, ఇవి నీళ్లు తాగవు, గాలిలోంచే తేమ పీల్చుకుని బతుకుతాయి, గాలిలో తేమ 50 శాతం లోపు ఎక్కువ రోజులు ఉంటే ఎండిపోతాయి. ఆస్తమా ఉన్నవాళ్లకి ఈ రెండూ పడవు. ఆ గది గోడ మీద బూజు కనిపిస్తే పొడి చీపురుతో దులపొద్దు, రేణువులు గదంతా లేస్తాయి, తడిగుడ్డతో సబ్బునీళ్లు పెట్టి తుడవండి, తుడిచే టైమ్‌లో నాన్నగారు వేరే గదిలో ఉండాలి.

ప్రశ్న: మా ఇంట్లో రోజూ ఒకటే గొడవ. నేను స్వెటర్ పట్టుకుని ఆరిపోయింది అంటా, మా ఆవిడ పట్టుకుని తడిగానే ఉంది అంటుంది. చలికి చల్లగా ఉంది అంతే అంటా నేను. ఎవరు రైటు?

జవాబు: దీన్ని చెయ్యి పట్టుకుని తేల్చడం కష్టమేనండీ. తడి ఆవిరవుతుంటే బట్ట చల్లబడుతుంది, నిజమే, కానీ చల్లని గదిలో పొడిబట్ట కూడా చల్లగానే తగులుతుంది. పైగా స్వెటర్ ఉన్నిదైతే ఇంకా మోసం చేస్తుంది. మామూలు గాలిలో పాలిస్టర్ తన బరువులో అర శాతం కూడా తేమ పట్టుకోదు, కాటన్ 8 శాతం దాకా పట్టుకుంటుంది, ఉన్ని 16 శాతం దాకా పట్టుకుని కూడా పొడిగా ఉన్నట్టే అనిపిస్తుంది. అలాంటిదాన్ని మడతపెట్టి బీరువాలో పెడితే ఆ తేమ పక్కబట్టలకీ అంటుతుంది.

చేత్తో చూడాలంటే మధ్యలో పట్టుకోకండి, చంకల దగ్గర, నడుము పట్టీ, కుట్లు రెండు మూడు పొరలుండే చోట పట్టుకుని చెంపకి ఆనించండి, చేతికంటే చెంపకి బాగా తెలుస్తుంది. ఇంకా తేలకపోతే లగేజీ తూచే చిన్న త్రాసు తీసుకోండి, స్వెటర్ ఉతకక ముందు హ్యాంగర్‌తో సహా తూచి రాసిపెట్టుకోండి, ఆరాక మళ్లీ తూచండి, పాత బరువుకి వచ్చేదాకా ఆరలేదన్నట్టే. ఇద్దరూ ఒప్పుకునే సాక్షి అదొక్కటే.

మీరు ఉత్తరంలో చివర్న ఒక మాట రాశారు, నిన్న మీరు ఆరిందని మడతపెట్టిన స్వెటర్ ఇవాళ తీస్తే కొంచెం వాసనొచ్చిందని. మరి ఇంకా నన్నడుగుతారేంటండీ, ఈసారికి మీ ఆవిడే గెలిచారు, వెళ్లి దాన్ని మళ్లీ ఉతికి దండెం మీద వేయండి.